అమ్మ ట్వీల్స్ ఎందుకు మెత్తబడ్డాయి?

మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన స్టూల్ మీద ఒక ఓటీజీ ఉంది. రెండేళ్ళుగా దాని మీద పాత టవల్ ఒకటి కప్పి ఉంటుంది. టవల్ మీద న్యూస్ పేపర్ల కట్ట, ఆ కట్ట మీద కరెంట్ బిల్లులు, గ్యాస్ పుస్తకం. కొత్తగా ఇంటికి వచ్చిన వాళ్ళు దాన్ని ఏదో చిన్న టేబుల్ అనుకుంటారు.

అది టేబుల్ ఎందుకు అయిపోయిందో, ఈ వేసవి సెలవుల్లో మళ్ళీ ఓటీజీ ఎలా అయిందో చెబుదామని ఈ వ్యాసం. దాంతో పాటు ట్వీల్ అనే పల్చటి కుకీ ఇంట్లో ఎలా చేసుకోవచ్చో, అసలు 'కరకర' అనేది ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెబుతాను. ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంత పొడుగ్గా తెలుగు రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుపోండి. నా తెలుగు ఎలాంటిదో ఈ కథలోనే మీకు తెలిసిపోతుంది కూడా.

అసలేం జరిగింది

మాది కాకినాడ. నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు అమ్మ చీటీ పాడిన డబ్బుతో ఓటీజీ కొంది. మొదట్లో కేకులు చేసింది. బాగా వచ్చాయి. మా వీధిలో వాళ్ళు పుట్టినరోజులకి అడిగి మరీ చేయించుకున్నారు. ఓ నాలుగు నెలలు అమ్మ చేతిలో తన సొంత డబ్బు ఆడింది. ఆ నాలుగు నెలలూ ఆవిడ నడక కూడా వేరేగా ఉండేది.

తర్వాత ఒకరోజు యూట్యూబ్‌లో ట్వీల్స్ చూసింది. కాగితం అంత పల్చగా, అంచులు బంగారు రంగులో, పెంకులా వంగి ఉన్న బిస్కెట్లు. వీడియోలో మాటలు ఇంగ్లీషు, కింద రాసిన రెసిపీ కూడా ఇంగ్లీషే. అమ్మ చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి దాకా. "ఒరేయ్ నాన్నా, ఇందులో ఏం రాశారో చదివి చెప్పరా" అంది. నేను గేమ్ మధ్యలో ఉన్నాను. కొలతలు చెప్పాను, ఎన్ని డిగ్రీలో చెప్పాను. చివరి లైన్ మీద కళ్ళు అలా జారించి, "అయ్యాక బాగా ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోవాలట" అన్నాను.

ఆ వారమే పై వాటా ఆంటీ వాళ్ళ బాబు పుట్టినరోజుకి 60 ట్వీల్స్ ఆర్డర్ ఇచ్చింది. ముప్పై మంది పిల్లలు, రిటర్న్ గిఫ్ట్ ప్యాకెట్‌లో తలా రెండు. అమ్మ రాత్రి పదకొండు దాకా నిలబడి కాల్చింది. నేను చెప్పినట్టే హాల్లో చాప వేసి, దాని మీద తెల్ల గుడ్డ పరిచి, ఫ్యాన్ కింద వరసగా ఆరబెట్టింది. వడియాలు పెట్టినట్టే. సెప్టెంబర్ నెల, బయట ముసురు.

పొద్దున్న లేచి చూస్తే అరవైకి అరవై తడిసిన అట్టముక్కల్లా ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే వంగుతున్నాయి, విరగడం లేదు. ఆంటీ మంచిది. "పర్లేదులే అక్కా, పిల్లలకేం తెలుస్తుంది" అంది. అమ్మ మాత్రం తీసుకున్న 900 రూపాయలు తిరిగి ఇచ్చేసింది. "నాకు ఇవన్నీ చేతకావులే" అంది. ఆ సాయంత్రమే ఓటీజీ మీద టవల్ పడింది. అప్పుడు నేనైనా నోరు మూసుకోవాల్సింది. "యూట్యూబ్ చూసి చేస్తే ఇలాగే ఉంటుంది" అన్నాను.

పేరులోనే పెంకు ఉంది

ట్వీల్ అనేది ఫ్రెంచి మాట. అర్థం ఇంటి పైకప్పు పెంకు. ఇప్పుడు మన వైపు ఎక్కువగా కనిపించే బల్లపరుపు బంగాళా పెంకు కాదు, పాత ఇళ్ళ మీద ఉండే గూన పెంకు. మా అమ్మమ్మ వాళ్ళ పాత ఇంటి మీద అవే ఉండేవి, ఒకటి వెల్లకిలా, దాని మీద ఒకటి బోర్లా. ఫ్రాన్స్ దక్షిణ భాగంలో కూడా ఇళ్ళ మీద ఇలా వంగిన మట్టి పెంకులు మామూలే. ఈ కుకీని పొయ్యిలోంచి తీసిన వెంటనే, వేడిగా ఉండగానే గుండ్రటి కర్ర మీద వేస్తే వంగి, చల్లారాక అచ్చం గూన పెంకులా నిలబడిపోతుంది. అందుకే ఆ పేరు.

ఇలాంటి పిండినే సన్నగా, పొడుగ్గా వేస్తే ఫ్రెంచివాళ్ళు 'పిల్లి నాలుక' అంటారు. ఐస్‌క్రీమ్ పెట్టుకునే చుట్టిన కోన్, లోపల చీటీ ఉండే ఫార్చూన్ కుకీ కూడా దీని చుట్టాలే. అన్నిటిదీ ఒకటే పద్ధతి: జారుడు పిండిని పల్చగా పరిచి, కాల్చి, వేడి మీద వంచడం.

కొలతలు

ఇది గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. నాలుగు వస్తువులు, నాలుగూ ఒకే బరువు.

గుడ్ల తెల్లసొన 60 గ్రాములు (రెండు గుడ్లకి వచ్చేస్తుంది), పంచదార పొడి 60 గ్రాములు, మైదా 60 గ్రాములు, కరిగించిన బటర్ 60 గ్రాములు. ఇష్టమైతే కొన్ని చుక్కల వెనీలా. యాలకుల పొడి కూడా బాగుంటుంది. కప్పులతో, స్పూన్లతో కొలవకండి. చిన్న కిచెన్ తూకం ఉంటే మంచిది. (శనివారం మా ఇంట్లో గుడ్డు పగలదు, కాబట్టి నా ప్రయోగాలన్నీ ఆదివారం నుంచి శుక్రవారం మధ్యే జరిగాయి.)

తెల్లసొనలో పంచదార పొడి వేసి కలిసేదాకా కలపాలి. నురగ వచ్చేలా గిలక్కొట్టొద్దు, నురగ వస్తే కాల్చేటప్పుడు బుడగలు లేచి చిల్లులు పడతాయి. మైదా జల్లించి వేసి, ఉండలు లేకుండా కలపాలి. చివరగా బటర్. అది గోరువెచ్చగా ఉండాలి. కాలిపోతున్న బటర్ పోస్తే తెల్లసొన అక్కడికక్కడే ఉడికి పలుకులు కడుతుంది. ఇప్పుడు గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి. ఆ అరగంటలో మైదా తేమ పీల్చుకుని, పిండి చిక్కబడి, పరిచిన చోట కదలకుండా ఉంటుంది.

పరచడానికి ఒక చిట్కా. ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసుకుని, అంచులు కోసేసి, మధ్యలో 8 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కత్తిరించండి. ఆ మూత మందం సుమారు ఒక మిల్లీమీటర్ ఉంటుంది. బేకింగ్ పేపర్ మీద దాన్ని పెట్టి, కన్నంలో కొంచెం పిండి వేసి, కత్తి వెనక వైపుతో చదునుగా గీసేసి, మూత ఎత్తేయండి. ప్రతి ట్వీల్ ఒకే మందంలో వస్తుంది. ఈ పిండికి ముప్పై పైనే అవుతాయి.

ఓటీజీని ముందుగా 170 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలు వేడి చేయాలి. ట్రేలో నాలుగైదు కంటే ఎక్కువ పెట్టొద్దు, ఎందుకో కింద చెబుతాను. ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు. చిన్న ఓటీజీల్లో వేడి అన్ని వైపులా ఒకేలా ఉండదు కాబట్టి మధ్యలో ఒకసారి ట్రే తిప్పండి. అంచులు గోధుమ రంగు, మధ్యలో లేత బంగారు రంగు రావాలి. మధ్యలో ఇంకా తెల్లగా ఉంటే తీయొద్దు. ఆ తెల్ల భాగమే తర్వాత మెత్తగా ఉండిపోతుంది.

70 గ్రాముల నీళ్ళు

ఇప్పుడు అసలు విషయం. కరకరలాడడానికి ఇందులో ఏం వేశాం? ఏమీ వేయలేదు. కరకర అనేది వేస్తే వచ్చేది కాదు, నీళ్ళు తీసేస్తే వచ్చేది.

లెక్క వేద్దాం. తెల్లసొనలో దాదాపు 88 శాతం నీళ్ళే, అంటే 60 గ్రాముల్లో 53 గ్రాములు. బటర్‌లో సుమారు 16 శాతం నీరు ఉంటుంది, అది ఒక 10 గ్రాములు. మైదా పొడిగా కనిపిస్తుంది కానీ అందులోనూ 12 శాతం దాకా తేమ ఉంటుంది, అది 7 గ్రాములు. మొత్తం 240 గ్రాముల పిండిలో 70 గ్రాములు నీళ్ళు. చేతికి కరకరలాడే ట్వీల్ రావాలంటే ఇందులో రెండు మూడు శాతం తప్ప మిగతాదంతా ఆవిరై పోవాలి.

దీన్ని మీరు తూకం వేసి చూడొచ్చు. ట్రే మీద 30 గ్రాముల పిండి పరిస్తే, కాల్చి తీశాక 22 గ్రాముల దగ్గరికి రావాలి. నాకు మొదటి ట్రేకి 24 వచ్చింది. రంగు చూస్తే బాగానే ఉంది కానీ చల్లారాక నమిలితే సాగింది. ఇంకో నిమిషంన్నర ఉంచితే సరిపోయింది.

పల్చదనం ఎందుకు ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. లోపలి నీరు పైకి వచ్చి ఆవిరవ్వాలి. ఆ ప్రయాణానికి పట్టే సమయం మందానికి వర్గంలా పెరుగుతుంది. మందం రెట్టింపు అయితే సమయం నాలుగు రెట్లు. ఒక మిల్లీమీటర్ పిండి ఎనిమిది నిమిషాల్లో ఆరిపోతుంది. రెండు మిల్లీమీటర్లు వేస్తే, లోపల ఆరేలోపు పైన మాడిపోతుంది. మన ఆల్గారిథమ్స్ క్లాసులో ఎన్-స్క్వేర్ అంటే ఎందుకు భయపడాలో నాకు ట్రేలో అర్థమైంది.

ట్రే నిండా పెట్టొద్దు అన్నది కూడా నీళ్ళ వల్లే. అన్నీ ఒకేసారి ఆవిరి వదిలితే చిన్న ఓటీజీ లోపల తేమ నిండిపోతుంది, తలుపు అద్దం మసకబారుతుంది, ఆరడం నెమ్మదిస్తుంది. పైగా ట్వీల్ గట్టిపడేలోపు వంచాలి. పది ఉంటే ఆరోదానికే టైమ్ అయిపోతుంది.

పాకం సంగతి అమ్మకి ముందే తెలుసు

నీరు పోయాక పంచదార ఏమవుతుంది? పిండిలో పంచదార కరిగి ఉంటుంది. నీరు తగ్గే కొద్దీ అది చిక్కటి పాకం అవుతుంది. త్వరగా చల్లారినప్పుడు మళ్ళీ పలుకులు కట్టే తీరిక దానికి ఉండదు. ఉన్న చోటే బిగుసుకుపోతుంది. పలుకులు లేకుండా ఇలా బిగుసుకున్న పదార్థాన్ని సైన్సులో గాజు అంటారు. కిటికీ అద్దం ఎలాంటి గాజో, ఇది అలాంటి పంచదార గాజు. పీచుమిఠాయి మొత్తం ఇదే. అందుకే కవర్ విప్పి కాసేపు వదిలేస్తే అది చెమ్మగిల్లి, కుంగి, బంకలా అయిపోతుంది.

ఈ గాజుకి ఒక గుణం ఉంది. పూర్తిగా పొడిగా ఉంటే ఇది సుమారు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అందులో కొంచెం నీరు చేరినా ఆ అంకె గబగబా కిందికి దిగుతుంది. నాలుగైదు శాతం నీరు చేరేసరికి మన గది వేడి దగ్గరికి వచ్చేస్తుంది. అంటే పొడిగా ఉన్న ట్వీల్‌ని మెత్తబరచడానికి ఓటీజీ వేడి కావాలి. చెమ్మగిల్లిన ట్వీల్‌ని మెత్తబరచడానికి మన హాలు వేడి చాలు. ట్వీల్‌లో మైదా, తెల్లసొన కూడా ఉన్నాయి కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, దారి మాత్రం అదే.

ఇదంతా నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గంటన్నర చదివి అమ్మకి చెబితే, ఆవిడ గరిటె ఆపకుండానే అంది: "తీగ పాకం సాగుతుంది, ముదురు పాకం పెళుక్కున విరుగుతుంది. అంతేగా?" అంతే. అదే పంచదార, అదే నీరు. పాకం ముదిరిందంటే నీరు తగ్గిందని. పల్లీ చిక్కీ చేసే వాళ్ళందరికీ ఇది తెలుసు. పేరు ఒకటే తెలియదు.

పది సెకన్లు

ఓటీజీలోంచి తీసిన ట్వీల్ వేడిగా ఉంటుంది, కాబట్టి మెత్తగా ఉంటుంది. "అయ్యో, ఉడకలేదు" అని మళ్ళీ లోపల పెట్టేయకండి, అది నా రెండో ట్రే తప్పు. పల్చటి అట్లకాడతో ఎత్తి అప్పడాల కర్ర మీద వేసి, చేత్తో మెల్లగా అదమాలి. ట్వీల్ ఇంత పల్చగా ఉంటుంది కాబట్టి క్షణాల్లో చల్లారుతుంది. నా లెక్కలో పది సెకన్లు. పదిహేనో సెకనులో వంచితే విరిగింది. అలా గట్టిపడిపోతే ట్రేని ఒక నిమిషం లోపల పెట్టండి, మళ్ళీ మెత్తబడతాయి.

వంచడానికి వేడి ఒక్కటే దారి కాదు. రెండో దారి మన దగ్గరే ఉంది, పూతరేకు.

మా పెద్దమ్మ వాళ్ళది కోనసీమలో ఆత్రేయపురం దగ్గర ఊరు. 2023లో జీఐ గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకు తెలియని వాళ్ళు మనలో ఉండరు కానీ, చేయడం చూసిన వాళ్ళు తక్కువ. కుండని బోర్లించి కింద మంట పెడతారు. పల్చటి బియ్యపు పిండి జారులో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. రెండు మూడు సెకన్లలో కాగితం లాంటి రేకు లేచి వస్తుంది. మందం తగ్గితే ఆరే సమయం ఎలా కుదించుకుపోతుందో దానికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ రేకు పెళుసుగా ఉంటుంది, మడిస్తే ముక్కలవుతుంది. అందుకని చుట్టే ముందు తడిగుడ్డతో అద్ది మెత్తబరుస్తారు. తర్వాత నెయ్యి, పంచదార పొడో బెల్లమో వేసి మడుస్తారు. అంటే ట్వీల్‌ని వేడితో వంచుతారు, పూతరేకుని తడితో వంచుతారు. ఒకదాంట్లో పంచదార ఎక్కువ, రెండోదాంట్లో అంతా బియ్యపు పిండి. కానీ వేడి అయినా, నీరు అయినా చేసే పని ఒకటే: బిగుసుకున్న దాన్ని కాసేపు వదులు చేయడం.

తేడా ఒకటుంది. ట్వీల్‌కి మనం ఇచ్చిన వేడి దానంతటదే పోతుంది. గాలిలోంచి చేరిన తడి దానంతటది పోదు.

గట్టిపడే కేకు, మెత్తబడే బిస్కెట్

బ్రెడ్ ముక్కని రాత్రంతా బయట వదిలేస్తే పొద్దున్నకి గట్టిపడుతుంది. బిస్కెట్‌ని వదిలేస్తే మెత్తబడుతుంది. అదే గాలి, అదే బల్ల. ఎందుకు ఇలా?

బ్రిటన్‌లో ఒక పన్ను వివాదంలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. అక్కడ కేకు మీద వ్యాట్ పన్ను లేదు, చాక్లెట్ పూసిన బిస్కెట్ మీద ఉంది. మరి జాఫా కేక్ కేకా, బిస్కెట్టా? 1991లో పన్నుల ట్రిబ్యునల్ చాలా విషయాలు పరిశీలించింది. అందులో ఒకటి, పాతబడితే ఏమవుతుంది అని. కేకు పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్ పాతబడితే మెత్తబడుతుంది. జాఫా కేక్ గట్టిపడుతుంది. చివరికి అది కేకే అని తేల్చారు.

దీని వెనక ఉన్నది చాలా మామూలు విషయం. గాలిలోనూ నీరు ఉంటుంది. కేకు, బ్రెడ్ గాలి కంటే తడిగా ఉంటాయి, అందుకని గాలి వాటి నుంచి నీరు తీసుకుంటుంది. బిస్కెట్ గాలి కంటే పొడిగా ఉంటుంది, అందుకని అదే గాలి నుంచి నీరు తీసుకుంటుంది. ట్వీల్ అయితే బిస్కెట్ కంటే పల్చన. రెండు వైపులా గాలే, మధ్యలో దాచుకోవడానికి మందం లేదు. ఆరడంలో మనకి ఏ పల్చదనం సాయం చేసిందో, చెమ్మగిల్లడంలో అదే మన మీదకి తిరుగుతుంది.

ఇప్పుడు మా హాలు ఊహించుకోండి. సముద్రం ఒడ్డున ఊరు, సెప్టెంబర్ ముసురు, ఫ్యాన్ గాలి, అరవై ట్వీల్స్. ఫ్యాన్ వాటిని ఆరబెట్టలేదు. రాత్రంతా వాటికి నీళ్ళు అందించింది.

ఆ చివరి లైన్

ఈ మే నెలలో ఇంటికి వెళ్ళినప్పుడు ఏమీ తోచక ఆ పాత రెసిపీ తెరిచాను. కొలతలు చూసుకుంటూ చివరికి వచ్చాను. నేను అప్పట్లో కళ్ళు జారించిన లైన్ అది. పూర్తిగా చల్లారిన వెంటనే, ఆలస్యం చేయకుండా, గాలి చొరని డబ్బాలో పెట్టమని ఉంది. ఆరబెట్టమని ఎక్కడా లేదు.

అప్పుడు నా మనసులో ఉన్నది 'చల్లార్చడం'. నోటికి వచ్చింది 'ఆరబెట్టడం'. తెలుగులో ఆ మాట రెండిటికీ వాడతాం. పులిహోరకి అన్నం ఆరబెట్టు అంటే చల్లారనివ్వమని. బట్టలు ఆరబెట్టు అంటే తడి పోనివ్వమని. మామూలుగా ఈ తేడా వల్ల నష్టం లేదు, ఎందుకంటే మన ఇళ్ళల్లో గాలికి పరిచేవి దాదాపు అన్నీ గాలి కంటే తడిగా ఉన్నవే. అన్నం, బట్టలు, వడియాలు, అప్పడాలు. పరిస్తే చల్లారతాయి, ఆరతాయి కూడా. ఒక్క మాట సరిపోతుంది. గాలి కంటే పొడిగా ఉన్న వస్తువు దగ్గరే ఆ మాట తిరగబడుతుంది. అమ్మ నా మాటని సరిగ్గానే అర్థం చేసుకుంది. వడియాలు ఎలా ఆరబెట్టాలో ఆవిడకి తెలుసు కాబట్టి అలాగే ఆరబెట్టింది. తప్పు చేసింది చెప్పినవాడు.

అయినా చెప్పే ముందు రుజువు కావాలనిపించింది. బగ్ ఎక్కడుందో తెలియాలంటే ఒక్క విషయం మాత్రమే మార్చి మిగతావి అలాగే ఉంచాలి కదా. ఒకే పిండి, ఒకే ట్రే వేడి, ఒకే రాత్రి. పది ట్వీల్స్ చల్లారిన ఐదు నిమిషాలకే బిగుతు మూత ఉన్న స్టీల్ డబ్బాలో. ఇంకో పది, ఆ రోజులాగే గుడ్డ మీద, ఫ్యాన్ కింద. రెండు పదులూ రాత్రి 44 గ్రాములు తూగాయి. పొద్దున్న డబ్బాలోవి 44. గుడ్డ మీదవి 47. డబ్బాలోది విరిచినప్పుడు వంటింట్లోంచి అమ్మకి వినిపించింది. గుడ్డ మీదది వంగింది, ఆ రోజులాగే.

మూడు గ్రాముల నీళ్ళు. అమ్మ రెండేళ్ళ కింద బేకింగ్ మానేసింది వాటి వల్ల.

అమ్మకి చెప్పాను

రెండు ట్వీల్స్ చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. రెసిపీలో ఏముందో, నేను ఏం చెప్పానో. "యూట్యూబ్ చూసి చేస్తే ఇలాగే ఉంటుంది" అన్న మాట కూడా గుర్తుచేసి, అది తప్పన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. గట్టిగా ఉన్నదాన్ని విరిచి తింది. తర్వాత, "అయితే నా చేతిలో తేడా లేదన్నమాట" అంది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

కాసేపటికి ఆవిడే అడిగింది, "మరి ఆ మెత్తబడ్డవి పారేయాలా?" నేను చూడలేదన్నాను. "మరమరాలు మెత్తబడితే బాండీలో వేయించమా ఏంటి?" అని టవల్ తీసి పక్కన పెట్టి, 150 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు లోపల పెట్టింది. బయటికి తీసి చల్లార్చి తూకం వేస్తే మళ్ళీ 44. కరకరలాడుతున్నాయి. అంటే ఆ రోజు పొద్దున్న కూడా అరవై ట్వీల్స్‌కీ ఇంకో అరగంట, గంట పని తప్ప నష్టమేమీ లేదు. ఎవరికీ తెలియక డబ్బు వెనక్కి ఇచ్చేశాం. మీ ట్వీల్స్ ఎప్పుడైనా మెత్తబడితే ఈ పద్ధతి గుర్తుంచుకోండి. వేడిగా తీసినప్పుడు మళ్ళీ వంచుకోవచ్చు కూడా.

డబ్బా అడుగున చిన్న గుడ్డలో బియ్యం మూట కట్టి వేయడం కూడా అమ్మ ఆలోచనే, ఉప్పు డబ్బాలో గింజలు వేసినట్టు. ఒక్క జాగ్రత్త: మామూలు బియ్యంలోనే 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది, అవి ట్వీల్‌కి తేమ ఇస్తాయే గానీ తీసుకోవు. ముందు బాండీలో బాగా వేయించి, మూత ఉన్న గిన్నెలో చల్లార్చి అప్పుడు వాడాలి. వేడి వేడిగా ఉన్న ట్వీల్స్‌ని డబ్బాలో పెట్టి మూత పెట్టినా తప్పే, లోపల ఆవిరి చేరుతుంది. చేతికి వేడి తగలనంత చల్లారాలి, అంతకు మించి ఒక్క నిమిషం కూడా బయట ఉండకూడదు. మా ఇంట్లో ఐదు నిమిషాలు సరిపోయాయి. హైదరాబాద్ ఎండాకాలంలో మీకు ఇంకొంచెం వ్యవధి దొరకొచ్చు. విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్ళు మాత్రం డబ్బా పక్కనే పెట్టుకుని కాల్చండి.

నేను కాలేజీకి తిరిగి వచ్చే ముందు రోజు అమ్మ పై వాటా ఆంటీకి ఒక డబ్బా ఇచ్చి వచ్చింది. డబ్బులకి కాదు, ఊరికే. ఇంటికి వచ్చి తన వంటల నోట్‌బుక్‌లో ట్వీల్ రెసిపీ తెలుగులో రాసుకుంది. నాలుగు అరవైలు, 170 డిగ్రీలు, అప్పడాల కర్ర, అన్నీ ఉన్నాయి. చివరి లైన్ ఫోటో తీసి ఫోన్‌లో దాచుకున్నాను:

"చల్లారగానే డబ్బాలో వెయ్యాలి. ఆరబెట్టకూడదు."

ఎవరికైనా ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పేటప్పుడు గేమ్ కాసేపు పాజ్ చేయండి.